ఇనుప రాయిని గాలించడం

అన్నం వండే ముందు బియ్యం గాలిస్తారు. గిన్నెలో నీళ్లు పోసి, గుండ్రంగా తిప్పి, కొంచెం కొంచెంగా వేరే గిన్నెలోకి వంచుతారు. బియ్యం నీళ్లతో జారిపోతాయి. రాళ్లు అడుగునే ఉండిపోతాయి. ఎందుకని? రాయి బరువు. గింజ తేలిక.

ఇనుము తీసే రాయిని కూడా ఇలాగే గాలిస్తారు.

ఛత్తీస్‌గఢ్‌లో బైలడిల్లా కొండలున్నాయి. 1968 నుంచి అక్కడ ఇనుప రాయి తవ్వుతున్నారు. అది కిరండూల్ నుంచి రైల్లో అరకు మీదుగా విశాఖపట్నం వస్తుంది. గని దగ్గర రాయిని పగలగొట్టి కడుగుతారు. అప్పుడు సన్న పొడి, ఎర్ర బురద మిగులుతాయి. ఆ బురద వాగుల్లో కలిసింది. శంఖిని నది ఎర్రగా పారింది. ఒడ్డున ఉన్న ఆదివాసుల ఊళ్లు ఏళ్ల తరబడి అవస్థ పడ్డాయి. ఆ పొడిలో, ఆ బురదలో పోయేది ఉత్త మట్టి కాదు, ఇనుము కూడా.

మరి పొడిలోంచి ఇనుమును ఏరేదెలా? చేత్తో అయ్యే పనా? కాదు. బరువును బట్టి ఏరాలి. లీటరు నీళ్లు కిలో తూగుతాయి. అంతే కొలత పలుగురాయి రెండున్నర కిలోలు దాటుతుంది. మంచి ఇనుప రాయి అయితే అయిదు కిలోల దాకా తూగుతుంది. అంటే ఇంచుమించు రెట్టింపు!

ఇసుకంత సన్న పొడికి స్పైరల్ అనే సాధనం వాడతారు. మెలి తిరిగిన మెట్లలాగా ఒక తొట్టి పైనుంచి కిందికి దిగుతుంది. పొడి కలిపిన నీళ్లు పైన పోస్తారు. నీళ్లు తిరుగుతూ దిగుతాయి. బరువైన ఇనుప గింజలు అడుగున పాకుతూ లోపలి అంచుకు చేరతాయి. ఇసుక, మట్టి నీళ్ల వేగానికి బయటి అంచుకు పోతాయి. కింద రెండింటినీ విడివిడిగా పడతారు. స్పైరల్‌లో తిరిగే చక్రం ఏదీ లేదు. నీళ్లను పైకెక్కించే పంపు మాత్రం కావాలి.

కొంచెం పెద్ద గింజలకు జిగ్ వాడతారు. జల్లెడ మీద పొడి పోసి, కిందనుంచి నీళ్లు ఎగదోస్తూ, దించుతూ ఉంటారు. బరువైనవి కిందికి, తేలికవి పైకి చేరతాయి.

అయితే పిండిలా మెత్తనైన దుమ్ము దగ్గర ఈ పద్ధతులు ఓడిపోతాయి. అంత చిన్న రేణువు బరువైనదైనా త్వరగా మునగదు. నీళ్లతోనే పోతుంది. దానికి గట్టి అయస్కాంతాల వంటివి వాడాలి. చివరికి మిగిలిన బురదను కట్ట వేసిన చెరువులో నిలవ చేస్తారు. మట్టి కిందికి దిగాక పైన తేరిన నీళ్లను మళ్లీ వాడుకోవచ్చు. కట్ట మాత్రం గట్టిగా ఉండాలి. 2019లో బ్రెజిల్ దేశంలో, బ్రుమాదిన్యో దగ్గర, ఒక ఇనుప గని బురద కట్ట తెగి 270 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆ గనిలో పనిచేసేవాళ్లే.