నోరు జారితే కొంప మునగదు!

ఇంటర్వ్యూలో ఒక్క మాట తడబడితే అంతా అయిపోయిందని దిగులుపడుతున్నారా? మరి ఆ తడబాటు ఊరందరి ఫోన్లలో మీమ్‌గా తిరిగితే? 2017లో నారా లోకేశ్ అంబేడ్కర్ జయంతి రోజున ‘వర్ధంతి’ అనేశారు. ఇంకేం, మీమర్లకు పండగే! బ్రహ్మానందం ఎక్స్‌ప్రెషన్లు ఎలాగూ రెడీ. 2019లో మంగళగిరిలో ఓటమి. అయినా మైకు వదల్లేదు. 2023లో కుప్పంలో పాదయాత్ర మొదలుపెట్టి, 3,132 కిలోమీటర్లు మాట్లాడుతూ నడిచి, మన స్టీల్‌ప్లాంట్ దగ్గరి అగనంపూడిలో ముగించారు. 2024లో అదే మంగళగిరిలో 91,413 ఓట్ల మెజారిటీ!

పార్టీల సంగతి పక్కన పెట్టండి. మాట తప్పుగా వస్తే ‘సారీ సర్’ అని సరిదిద్దుకుని ముందుకెళ్లండి. రోజూ ఐదు నిమిషాలు మీ జవాబుల్ని ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. మీ తప్పుల్ని ట్రోలర్ల కన్నా ముందు మీరే పట్టేస్తారు!