బరువు భయం, అసలు భయం

ఢిల్లీ మునిర్కా డీడీఏ ఫ్లాట్ల పార్కులో సాయంత్రం నాతో నడిచే మా పిన్ని, జనవరి చలిలో కూడా పమిట చెంగుతో మెడ తుడుచుకుంటుంది. మెనోపాజ్ ఆవిర్లకని డాక్టరమ్మ రాసిచ్చిన హార్మోన్ చీటీ ఆర్నెల్లుగా ఆవిడ పర్సులో మడతపడి ఉంది. "వద్దమ్మాయ్, ఒళ్లొస్తుంది. పైగా క్యాన్సరట!"

అపోహ: హార్మోన్ వాడితే లావైపోతాం.
వాడినవాళ్లనూ వాడనివాళ్లనూ పోల్చిన పరిశోధనల్లో బరువులో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. వయసుతో కండ తరుగుతుంది, తిండి మాత్రం పాత లెక్కే. ఈస్ట్రోజెన్ తగ్గాక కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది. పాత జాకెట్టు చేతులు సరిపోతూనే లంగా బొందు అందకపోవడం అందుకే. మన ఆడవాళ్లకు నడుం చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. సన్నబడటానికి హార్మోన్ వాడటమూ తప్పే.

అపోహ: క్యాన్సర్ ఖాయం.
ఈ భయం 2002 జులైలో పాకింది. అమెరికాలో 16,608 మందిపై జరుగుతున్న 'విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్' ప్రయోగాన్ని మధ్యలో ఆపేశారు. వాళ్ల సగటు వయసు 63. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడినవాళ్లలో ఏడాదికి 10,000 మందికి 38 రొమ్ము క్యాన్సర్లు; వాడనివాళ్లలో 30. అదనంగా వచ్చిన ఆ ఎనిమిదీ లెక్కలోవే, కానీ ఖాయమన్న మాట అబద్ధం. అదే ఇనిషియేటివ్‌లో గర్భసంచి లేక ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. ముట్లుడిగాక ఒంట్లో పేరుకున్న కొవ్వు కూడా ఈ క్యాన్సర్ ముప్పును పెంచుతుంది. దాని గురించి పార్కులో ఎవరూ మాట్లాడరు.

రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, రక్తం గడ్డకట్టడం, కాలేయ జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి. గర్భసంచి ఉంటే ఈస్ట్రోజెన్‌కు తోడు ప్రొజెస్టిరాన్ ఉండాల్సిందే. బరువున్నవాళ్లకు మాత్రకన్నా చర్మానికి రాసే జెల్ నయం, రక్తం గడ్డకట్టే ముప్పు తక్కువ.

అపోహ: గర్భసంచి తీసేశారు, ఇక ఏ గొడవా లేదు.
నా బాధంతా ఇక్కడే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు. ఆంధ్ర, తెలంగాణల్లో ఎనిమిదికి పైనే. అండాశయాలూ తీసేస్తే ఒక్క రోజులో మెనోపాజ్. ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముందే పలకరిస్తుంది. 45 లోపు ఇలా జరిగితే, వేరే అడ్డంకి లేనప్పుడు, సహజంగా ముట్లుడిగే వయసుదాకా హార్మోన్ ఇవ్వడమే సరైన వైద్యం.

పిన్నికీ 36 ఏళ్లప్పుడు ఈ ఆపరేషన్ చేశారు, ఇప్పుడు 44. "అండాశయాలు ఉంచారా?" అంటే తెలియదంది, ఎవరూ చెప్పలేదట. తెనాలిలో బీరువా వెతికి బాబాయి నిన్న రాత్రి డిశ్చార్జి కాగితం ఫొటో పంపాడు. రెండూ తీసేశారు. పిన్ని పర్సులోంచి చీటీ తీసి, మడతలు సాపు చేసి, బల్లమీద పెట్టింది.