తాతయ్య కింది పళ్ళు ఎందుకు లేస్తాయి?

మామిడి తోటల తిరువూరులో ఒక తాతయ్య ఉన్నాడనుకోండి. ఆయనకు తాండ్ర అంటే ప్రాణం. కాని ముక్క నమిలేసరికి కింది కట్టుడు పళ్ళు దానికి అంటుకుని పైకి లేచి వస్తాయి! మనవడికి నవ్వు. తాతయ్యకు మాత్రం నలుగురిలో తినాలంటే సిగ్గు.

మరి పై పళ్ళు ఎందుకు జారవు? రెండు గాజు పలకలను తడిపి, ఒకదానిపై ఒకటి పెట్టి, నేరుగా ఎత్తి చూడండి. ఓ పట్టాన విడిపోవు. పై సెట్టు అంగిలినంతటినీ కప్పుతుంది. నడుమనున్న పలుచని లాలాజలపు పొర దానిని పట్టి ఉంచుతుంది. కింద ఆ వీలు లేదు. మధ్యలో నాలుక ఉంది కదా! అందుకే కింది సెట్టు గుర్రపు నాడాలా వంగిన సన్నని పట్టీ మాత్రమే. పైగా పళ్ళు ఊడాక దవడ ఎముక ఏటేటా అరుగుతుంది. కింది దవడలో మరీ ఎక్కువ.

దీనికి దారి చూపింది ఒక కుందేలు. 1950లలో స్వీడన్ శాస్త్రజ్ఞుడు బ్రోనెమార్క్ కుందేలు ఎముకలో టైటానియం పరికరం అమర్చి రక్తప్రసరణను పరిశీలించాడు. పని ముగిశాక తీయబోతే అది రాలేదు. ఎముక దానికి అతుక్కుపోయింది! 1965లో ఆయన టైటానియం మరలను మనిషి దవడలో బిగించాడు. పళ్ళన్నీ పోయిన కింది దవడలో సెట్టును నిలపడానికి రెండు మరలు చాలునని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు తేల్చారు.

ఇక మరకూ సెట్టుకూ నడుమ పట్టు కావాలి. గుండు రకం అచ్చం ప్రెస్ బటనే: మర నెత్తిన చిన్న బంతి, సెట్టు అడుగున దాన్ని పట్టే రబ్బరు వలయం. ‘లొకేటర్’ దీని పొట్టి తమ్ముడు. ఇందులో పట్టేది నైలాన్ బిళ్ళ. బిళ్ళ రంగును బట్టి పట్టు బలం మారుతుంది. అరిగితే బిళ్ళ ఒక్కటే మార్చుకోవచ్చు. కడ్డీ రకంలో రెండు మరలనూ లోహపు కడ్డీతో కలిపి, సెట్టులోని క్లిప్పుతో పట్టిస్తారు. పట్టు గట్టిదే, కాని దానికి చోటు ఎక్కువ కావాలి, కడ్డీ కింద రోజూ శుభ్రం చేయాలి. అయస్కాంతం పట్టు వీటన్నిటికన్నా తక్కువ. దాని పైతొడుగు అరిగిందా, లాలాజలం లోపలికి చేరి లోహాన్ని తినేస్తుంది.

అయితే గట్టి పట్టే మేలంటారా? రాత్రి పడుకోబోయే ముందు సెట్టు తీసి కడుక్కోవలసింది తాతయ్యే. చేతులు వణికితే బిగువైన సెట్టు ఆయన లాగినా రాదు. అందుకే దంతవైద్యుడు నోటితోపాటు వేళ్ళనూ చూడాలి. అయస్కాంతమైతే దగ్గరకు తేగానే టక్కున దానంతటదే కూర్చుంటుంది, వేలు తగిలిస్తే ఊడి వస్తుంది. తాండ్ర ముందు మాత్రం అది ఎంతసేపు నిలుస్తుందో చూడాలి!