పికప్ ట్రక్కు ట్యాంకు తొట్టిలోకి మారితే ముప్పు తగ్గుతుందా?

పికప్ ట్రక్కును పక్కనుంచి మరో వాహనం ఢీకొంటే మొదట నలిగేది పక్క రేకు. ఆ రేకు వెనుకనే పెట్రోలు ట్యాంకు ఉంటే ఏమవుతుందో అమెరికా చవిచూసింది. జనరల్ మోటార్స్ సంస్థ 1973 నుంచి 1987 వరకు తయారుచేసిన పెద్ద పికప్ ట్రక్కులలో ట్యాంకులను ఛాసిస్ దూలాలకు వెలుపల అమర్చింది. ఇరువైపులా ఒక్కొక్క ట్యాంకు పెట్టే వీలు అందువల్లే కలిగింది.

ఇటువంటి ట్రక్కులో మంటలకు బలియైన యువకుని తల్లిదండ్రులకు 10 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 1993 ఫిబ్రవరిలో జార్జియా రాష్ట్రంలోని జ్యూరీ తీర్పు చెప్పింది. అప్పీలులో అది నిలవలేదు. అంతకుముందు 1992లో ఎన్.బి.సి. టెలివిజన్, ట్రక్కుకు మంట పుట్టించే పరికరాలు తగిలించి ప్రమాద దృశ్యం ప్రసారం చేసి, తర్వాత క్షమాపణ చెప్పుకున్నది. బాధితుల వాదనకు ఇంతకన్న అపకారం మరొకటి లేదు. ట్రక్కులను వెనక్కు పిలిపించాలని 1993 ఏప్రిల్‌లో ప్రభుత్వ భద్రతా సంస్థ కోరగా కంపెనీ నిరాకరించింది. 1994 డిసెంబరులో భద్రతా కార్యక్రమాలకు 5.1 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చేందుకు ఒప్పుకోవడంతో వ్యవహారం ముగిసింది. ట్రక్కులు మాత్రం రోడ్లపైనే మిగిలాయి.

పాత ట్యాంకులు విప్పివేసి, సామాను తొట్టిలో ‘ఫ్యూయల్ సెల్’ బిగించుకునే పద్ధతికి ఈ భయం ఒక కారణం. హైడ్రోజన్ నుంచి విద్యుత్తు పుట్టించే సెల్‌కూ దీనికీ సంబంధం లేదు. ఇది పందెపు కార్ల ట్యాంకు. 1964లో ఇండియానాపొలిస్, షార్లెట్ పందేలలో జరిగిన ఘోర అగ్నిప్రమాదాల తర్వాత వాడుకలోకి వచ్చింది. మేలురకం సెల్‌లో లోహపు పెట్టె, దానిలో రబ్బరు పూసిన గట్టి వస్త్రపు సంచి, సంచి నిండా నురుగు స్పాంజి ఉంటాయి. పెట్టె సొట్టపడినా సంచి సులభంగా చిరగదు. బండి బోల్తాపడితే ఇంధనం కారకుండా కవాటం అడ్డుకుంటుంది.

అయినా ఇది సంపూర్ణ రక్షణ కాదు. తొట్టిలోని ట్యాంకు ఇంజనుకు ఇంధనం చేర్చే గొట్టంకన్న ఎత్తున ఉంటుంది. కింద గొట్టం తెగితే పంపు ఆగినా పెట్రోలు దానంతటదే కారిపోవచ్చు. సరుకు జరిగి పెట్టెను గుద్దవచ్చు. ట్యాంకును ఛాసిస్‌కు విద్యుత్ పరంగా కలపకపోతే, నింపేటప్పుడు స్థిర విద్యుత్ రవ్వ లేచే ప్రమాదమున్నది. కొన్నేళ్లకు స్పాంజి పొడిపొడిగా రాలి ఫిల్టరుకు అడ్డుపడుతుంది. 1988 నమూనాలో కంపెనీ చేసినట్లు ట్యాంకును ఛాసిస్ దూలాల నడుమకు మార్చడమే మెరుగైన మార్గం.

మన దేశంలో సొంతంగా ఇటువంటి మార్పులు చేసుకోవడం సులభం కాదు. వాహనాన్ని రిజిస్ట్రేషన్ పత్రంలోని తయారీదారు వివరాలకు భిన్నంగా మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది చట్ట సవరణతో, అనుమతిలేని ఒక్కొక్క మార్పుకు యజమానికి రూ.5,000 జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించే వీలు కలిగింది. ఆమోదిత కిట్‌తో సి.ఎన్.జి.కి మారడానికి మాత్రం చట్టం అనుమతిస్తున్నది. ఆ సిలిండరును మూడేళ్లకోసారి ఒత్తిడి పరీక్షకు పంపాలి.