ఎదురుగాలికి కట్టిన జంట పడవ

2012లో న్యూజిలాండ్ దక్షిణ దీవి వాయవ్య తీరాన, అనవేకా దగ్గర, తుఫాను తర్వాత ఇసుకలోంచి ఒక పెద్ద చెక్క బయటపడింది. పొడవు ఆరు మీటర్లు. లోపలివైపు అడ్డంగా నాలుగు పక్కటెముకలు. విడిగా చేసి బిగించినవి కావవి, అదే కొయ్యలో మలిచినవి. అంచు వెంబడి తాడు దూర్చడానికి తొలిచిన బెజ్జాలు. వాటిలో కొన్నింట నీరు చొరకుండా కూరిన చెట్టుబెరడు ఇంకా మిగిలి ఉంది. పైన ఈదుతున్న తాబేలు బొమ్మ చెక్కారు. పరీక్షిస్తే అది సుమారు 1400 ప్రాంతంలో సముద్రం మీద తిరిగిన పడవ భాగమని తేలింది.

హవాయి, న్యూజిలాండ్, రాపానుయీ (ఈస్టర్ దీవి) - ఈ మూడింటినీ కలుపుతూ గీత గీస్తే ఏర్పడే మహా త్రికోణమే పాలినేషియా. సుమారు మూడు వేల ఏళ్ల కిందట టోంగా, సమోవా దాకా వచ్చిన జనం అక్కడ చాలాకాలం ఆగారు. మళ్లీ కదిలాక కొద్ది శతాబ్దాల్లోనే, సుమారు 1300 నాటికి, మిగతా దీవులు దాదాపు అన్నీ చేరుకున్నారు. వాళ్ల దగ్గర లోహం లేదు, దిక్సూచి లేదు.

వాళ్ల జంట పడవను నడిపించింది దాని నిర్మాణమే. రాతి బాడిసెలతో తొలిచిన రెండు సన్నటి దోనెలు. వాటి అంచుల మీద పలకలు నిలిపి, కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. అతుకుల్లో సీమపనస జిగురు పూసేవారు. దోనెలు రెండింటినీ కొంత ఎడంగా నిలిపి, అడ్డదూలాలతో కలిపి తాళ్లతో బిగించేవారు. ఒక్క మేకు లేదు. మన తూర్పు తీరంలో మసూలా పడవను కూడా ఇలాగే కొబ్బరి తాడుతో కుట్టేవారు. అల విరిగిపడినప్పుడు కట్టు కొద్దిగా సాగి, ఆ దెబ్బను తనలో కలుపుకుంటుంది. బిర్రుగా మేకు కొట్టిన చోటైతే పలక చీలుతుంది. రెండు దోనెల మధ్య ఎడం ఉండటంతో అడుగున బరువు వేయకుండానే పడవ నిలకడగా ఉంటుంది. సన్నటి దోనె నీటిని సులువుగా చీలుస్తుంది. మధ్యనున్న వేదిక మీద మనుషులు, పిలకలు, విత్తనాలు, కోళ్లు, పందులు, కుక్కలు. కొత్త దీవిలో ఊరు మొదలుపెట్టడానికి కావలసిన సరంజామా అంతా దాని మీదే. తెరచాపలు మొగలిజాతి ఆకులతో అల్లిన చాపలు.

అయినా, వాళ్లు కావాలనే దారి పట్టి వచ్చారంటే ఇరవయ్యో శతాబ్దపు పండితులు కొందరికి నమ్మకం కుదరలేదు. 1947లో థోర్ హెయర్‌డాల్ పెరూ నుంచి కోన్-టికి అనే బల్సా తెప్ప మీద 101 రోజులు కొట్టుకొచ్చి, ఈ దీవుల జనం దక్షిణ అమెరికా నుంచి గాలివాటున వచ్చారని వాదించాడు. 1956లో ఆండ్రూ షార్ప్ అనే చరిత్రకారుడు, దారితప్పిన పడవలే దూరపు దీవులకు చేరాయన్నాడు. 1973లో కంప్యూటర్ మీద గాలులు, ప్రవాహాలు లెక్కగట్టి వేల కొద్దీ పడవలను వాటి మానాన వదిలి చూశారు. హవాయికి, న్యూజిలాండ్‌కు, రాపానుయీకి ఊరికే కొట్టుకుపోయి చేరడం దాదాపు అసాధ్యమని తేలింది.

నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా తోచేది గాలి సంగతి. అక్కడ ఏడాదిలో ఎక్కువ భాగం గాలి తూర్పు నుంచి వీస్తుంది. వలస సాగింది పడమటి నుంచి తూర్పుకు, అంటే గాలికి ఎదురు. ఇది పిచ్చి సాహసంలా కనిపిస్తుంది గాని, పురాతత్వవేత్త జెఫ్రీ అర్విన్ దీన్ని తిప్పి చూశాడు. ఎదురుగాలిలో వెతుకుతూ పోయినవాడికి ఏ దీవీ దొరక్కపోతే, వెనక్కి తిరిగితే చాలు, అదే గాలి ఇంటికి చేరుస్తుంది. గాలివాటున పోయినవాడికి ఆ భరోసా లేదు. తెలియని దిక్కుకు పోయేవాడు తిరుగుదారిని ముందే చూసుకున్నాడన్నమాట. దానికి తగ్గ పడవ ఉంటేనే ఆ ఎత్తు పారుతుంది.

అలాంటి పడవ అనుకున్న దారిలో పోగలదా అన్నది సముద్రం మీద తేల్చడానికి బెన్ ఫిన్నీ, హెర్బ్ కానే, టామీ హోమ్స్ 1973లో హవాయిలో పాలినేషియన్ వాయేజింగ్ సొసైటీ పెట్టారు. 1975లో సుమారు 19 మీటర్ల జంట పడవ ‘హోకులెయా’ను నీట్లోకి దించారు. దోనెలకు ప్లైవుడ్, ఫైబర్‌గ్లాస్ వాడారు. పరీక్షించదలచింది ఆకారాన్ని, నడతను. దాని పేరు ఒక నక్షత్రానిది, మన స్వాతి. హవాయి ఆకాశంలో స్వాతి నడినెత్తి మీదుగా సాగుతుంది. తాహితి దగ్గర దాదాపు అలా వెళ్లేది మృగవ్యాధ తారక. ఏ దీవి తార నెత్తి మీదికి వస్తే ఆ దీవికి సరితూగే అక్షాంశానికి చేరినట్టు.

చుక్కలు చూసి పడవ నడిపే ఆ విద్య తెలిసినవారు హవాయిలో అప్పటికి మిగల్లేదు. మైక్రోనేషియాలోని సతవాల్ దీవి నుంచి మావు పియాయిలుగ్ అనే నావికుడు వచ్చాడు. తాహితి దారిలో ఆయన ఎన్నడూ వెళ్లలేదు. 1976 మే 1న హవాయిలోని మావీ దీవి నుంచి తాహితికి బయల్దేరారు. రాత్రి చుక్కలు పొడిచే చోట్లు, కుంకే చోట్లు చూస్తూ, మబ్బు కమ్మితే దూరాన పుట్టి వచ్చే పెద్ద అలలు పడవను ఊపే తీరును ఒంటితో పట్టుకుంటూ దిక్కు నిలిపాడు. దక్షిణానికి పోయేకొద్దీ ధ్రువనక్షత్రం దిగిపోయి, భూమధ్యరేఖ దాటాక కనిపించకుండా పోయింది. నెల గడిచేసరికి తెల్లని సముద్రపక్షులు కనిపించాయి. సాయంత్రం అవి నేలకే పోతాయి. వాటి జాడన మతైవా దీవి తగిలింది. జూన్ 4న తాహితిలోని పపీతేలో వేల మంది జనంతో రేవు నిండిపోయింది.

దారిలో సిబ్బంది తగువులతో విసిగిన మావు అక్కడి నుంచే ఇంటికి వెళ్లిపోయాడు. తిరుగు ప్రయాణం పరికరాల సాయంతో సాగింది. 1978లో మరో యాత్రలో పడవ తలకిందులైతే, సాయం కోసం సర్ఫ్‌బోర్డు మీద వెళ్లిన సిబ్బందిలోని ఎడ్డీ ఐకావు మళ్లీ కనిపించలేదు. ఆ తర్వాత మావు వెనక్కి వచ్చి హవాయివాడైన నైనోవా థాంప్సన్‌కు ఆ విద్య నేర్పాడు. 1980లో నైనోవా పరికరాలు లేకుండా తాహితి వెళ్లి, తిరిగి వచ్చాడు. 1999లో హోకులెయా రాపానుయీ చేరింది.

2007లో హవాయి వాళ్లు ‘అలింగానో మైసు’ అనే కొత్త జంట పడవ కట్టి, హోకులెయాతో కలిసి సతవాల్‌కు తీసుకెళ్లి, మావుకు కానుకగా ఇచ్చారు. అక్కడే ఆయన, నైనోవాతో సహా ఐదుగురు హవాయి నావికులకు తమ సంప్రదాయంలోని ‘ప్వో’ అనే నావిక దీక్ష ఇచ్చాడు.