చావు ముందు సమానత్వం - మతాల మధ్య సంవాదం

సర్వమత సమావేశాలు మన ఊళ్ళలో తరచుగా జరుగుతుంటాయి. వేదిక మీద ఒక స్వామీజీ, ఒక మౌలానా, ఒక ఫాదరు కూర్చుంటారు. ఒక్కొక్కరు పది నిమిషాలు మాట్లాడతారు. అన్ని మతాల సారం ఒక్కటేనని తీర్మానించి, శాలువాలు కప్పుకుని ఇళ్ళకు వెళ్ళిపోతారు. ఈ సభలను ఎగతాళి చెయ్యటం నా ఉద్దేశం కాదు. ఊళ్ళో ఉద్రిక్తత ఉన్న రోజుల్లో ఆ ముగ్గురూ పక్కపక్కన కూర్చోవటం కూడా చిన్న విషయమేమీ కాదు. కాని సారం ఒక్కటేనని ముందే తేల్చుకున్న తర్వాత ఇక మాట్లాడుకోవటానికి మిగిలేదేమిటి? ఒకరి నమ్మకాన్ని ఇంకొకరు ప్రశ్నించినప్పుడు, ఆ ప్రశ్నకు తన శాస్త్రంలోంచే కాక తన ఆచరణలోంచి కూడా జవాబు వెతుక్కోవలసి వచ్చినప్పుడు గాని దాన్ని సంవాదం అనలేం.

అలాంటి సంవాదం దేవుడి స్వరూపం దగ్గర కాక మనిషి కష్టం దగ్గర మొదలవుతుందని నా అభిప్రాయం. తెలుగు సాహిత్యంలో అది సభావేదికల కంటే ముందే, వాటికంటే నిజాయితీగా జరిగింది. చావు అనే ఒక్క ప్రశ్నను తీసుకుని ఈ మాటను వివరిస్తాను.

నేను టోలిచౌకిలో తెలుగు పాఠాలు చెప్పే ఉపాధ్యాయుణ్ణి. మా తరగతిలో సగానికి పైగా ఉర్దూ ఇంటిభాషగా ఉన్న పిల్లలు. మిగిలిన వాళ్ళలో ఫిల్మ్‌నగర్ సెట్టింగుల్లో వడ్రంగం, రంగుల పని చేసుకునే వాళ్ళ పిల్లలు ఎక్కువ. ఒకరోజు జాషువా శ్మశానవాటి పద్యాలు చెబుతున్నాను. రాజూ పేదా పక్కపక్కన పడుకునే చోటు అదొక్కటేనని, అంటరానితనానికి అక్కడ చోటు లేదని కవి భావాన్ని వివరించాను. అంతకు వారం ముందే నానమ్మను పోగొట్టుకున్న ఒక అమ్మాయి లేచింది.

“సార్, మట్టిల కలిసినంక అందరొక్కటే అంటుండ్రు. మరి సాత్ గుంబజ్‌ల అట్ల లేదు గద?”

నేను జవాబు చెప్పేలోగా పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక పిల్లవాడు అందుకున్నాడు. “మా ఊర్ల మా బొందలగడ్డ వేరు సార్, పటేండ్లది వేరు.” వెనక బెంచీలోంచి ఇంకొకడు, “మా ఊరి క్రైస్తవుల సమాధుల తోటలో కూడా ఆ మూలా ఈ మూలా అని ఉంటయి సార్” అన్నాడు. పాఠం అక్కడ ఆగిపోయింది. పద్యం తప్పు చెప్పిందా, లోకం తప్పు చేస్తోందా అన్నది ఆ పిల్లల ప్రశ్న. మూడు మతాల పిల్లలు, ఎవరి దేవుణ్ణీ ఎవరూ కించపరచకుండా, ఒకే ప్రశ్నను మూడు వైపుల నుంచి అడిగారు. ఏ సర్వమత సభలోనూ నేనింత సూటి సంవాదం వినలేదు.

మొదట ఆ అమ్మాయి మాటనే తీసుకుందాం. మా బడికి కూతవేటు దూరంలో ఉన్న కుతుబ్‌షాహీ గోరీలు 1518 నుంచి 1687 దాకా గోల్కొండను ఏలిన వంశానివి. ఆ వంశానికి ఆద్యుడు సుల్తాన్ కులీ తన సమాధిని బతికి ఉండగానే కట్టించుకున్నాడు. రాజు ఎంత పెద్దవాడైతే గుమ్మటం అంత పెద్దది. అదే ప్రాంగణంలో మృతదేహాలకు స్నానం చేయించిన హమామూ ఉంది, తారామతి, ప్రేమామతిల సమాధులూ ఉన్నాయి. ఆ ఆవరణలో మనకు పేర్లు తెలిసింది రాజులవి, రాజుల చుట్టూ ఉన్నవాళ్ళవి. ఆ రాళ్ళెత్తిన కూలీల పేర్లు ఏ ఫలకం మీదా లేవు.

ఇస్లాం చెప్పింది ఇదేనా? కాదు. చనిపోయిన వాడు నవాబైనా, రిక్షా తొక్కేవాడైనా అదే స్నానం, అదే కుట్టులేని కఫన్, అదే జనాజా నమాజు. గోరీ మీద ఆడంబరం వద్దన్న మాట ఆ సంప్రదాయంలోనే ఉంది. 1687లో గోల్కొండను గెలిచిన ఔరంగజేబు, ఓడి బందీ అయిన తానీషా ఇద్దరూ చివరకు ఖుల్దాబాదులోనే సమాధి అయ్యారు. గెలిచిన చక్రవర్తి గోరీ మీద గుమ్మటం లేదు, పైన ఆకాశమే. అంటే మతం చెప్పిన సమానత్వం ఒకటి, దాని పేరున ఏలిన రాజ్యం ఆచరించింది ఇంకొకటి. ఆ అమ్మాయి తన మతాన్ని కాదనలేదు. మతం ఇచ్చిన మాట ఏమైందని అడిగింది, అంతే.

హైందవంలోనూ పరిస్థితి ఇదే. శ్మశాన వైరాగ్యం మన జాతీయానికే ఎక్కింది. దేహం మట్టికుండ వంటిదని తత్వాలు పాడుకున్నాం. కాని చితి పేర్చేవాడు అంటరానివాడు, చాలా గ్రామాల్లో వల్లకాడు కూడా కులాన్ని బట్టే. క్రీస్తులో భేదాలు లేవని పౌలు గలతీయులకు రాశాడు. ఆ మాట నమ్మి వచ్చిన దళితుడికి కులం చర్చి గుమ్మం దగ్గర ఆగిపోలేదు, ఆయన వెంట సమాధుల తోట దాకా నడిచింది. మూడు మతాలూ చావు ముందు మనుషులు సమానమని మాట ఇచ్చాయి. మూడు సమాజాలూ ఆ మాట తప్పాయి. ఏ మతం గొప్పదని వాదించుకునే కంటే ఈ మాట తప్పటం గురించి మాట్లాడుకోవటం మేలు.

ఇక్కడే జాషువా మనకు దారి చూపే కవి. 1895లో వినుకొండలో పుట్టిన ఈ క్రైస్తవ దళితుడి శ్మశాన పద్యాలు హరిశ్చంద్ర నాటకంలోకి ప్రవేశించి కాటిసీనుకు ప్రాణమయ్యాయి. డి.వి. సుబ్బారావు వంటి నటులు ఆ పద్యాలు పాడుతుంటే జనం వన్స్‌మోర్లు కొట్టారు. ఆ దృశ్యాన్ని ఒకసారి ఊహించండి. పురాణంలోని సూర్యవంశపు రాజు, వీరబాహుడనే చండాలుడికి అమ్ముడుపోయి కాటి కాపరి అయ్యాడు. ఆ రాజు నోట పలికిన మాటలు, కులం పేరుతో అడుగడుగునా అవమానపడ్డ ఒక క్రైస్తవ కవివి. విని కళ్ళు తుడుచుకున్న వాళ్ళలో ఆ కవిని తమ పంక్తిలో కూర్చోబెట్టుకోని వాళ్ళు ఎందరో. మతాల మధ్య సంవాదం ఎంత లోతుగా జరగగలదో, జరిగి కూడా ఆచరణకు ఎంత దూరంలో ఆగిపోగలదో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

జాషువా అక్కడితో ఆగలేదు. 1932 నాటి ‘పిరదౌసి’లో గజనీ మహమ్మదు చేతిలో మోసపోయిన పారశీక ముస్లిం కవి దుఃఖాన్ని తన దుఃఖంగా చేసుకున్నాడు. 1941 నాటి ‘గబ్బిలం’లో గుడిలోకి రానివ్వని ఒక దళితుడి చేత, గుడిలోనే వేలాడే గబ్బిలాన్ని శివుడి దగ్గరకు రాయబారం పంపించాడు. మేఘసందేశం నడిచిన దారినే ఎంచుకున్నాడు గాని, సందేశం విరహానిది కాదు, ఆకలిది, అవమానానిది. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న కవి, తన ఫిర్యాదును శివుడి చెవిన వేయటానికి వెనుకాడలేదు. ఎదుటి వాడి దేవుణ్ణి పొగడటం మర్యాద. ఎదుటి వాడి దేవుణ్ణే న్యాయం అడగటంలో అంతకంటే ఎక్కువ గౌరవం ఉంది, ఎక్కువ ధైర్యమూ ఉంది. విద్యార్థులు ‘గబ్బిలం’ శిల్పాన్ని పరిశీలించేటప్పుడు ఈ సంగతి గమనించాలి.

జాషువాకు ముందు మన జనజీవితంలో ఇలాంటి సంవాదం లేదా అంటే, ఉంది. పదిహేడవ శతాబ్దానికి చెందిన పోతులూరి వీరబ్రహ్మంగారికి ప్రియశిష్యుడు సిద్ధయ్య, దూదేకుల కులంలో పుట్టినవాడు. గురువు విశ్వబ్రాహ్మణుడు. జీవసమాధిలోకి వెళ్ళే ముందు గురువు సిద్ధయ్యను పూలకోసం బనగానపల్లెకు పంపాడని, తిరిగి వచ్చిన శిష్యుడు సమాధి ముందు కుప్పకూలి ఏడిస్తే లోపలి నుంచి పలికి ఓదార్చాడని కథ. ఈ కథలోని మహిమను మనం నమ్మనక్కరలేదు. గమనించవలసింది ఒక్కటే. గురువు చావు గురించి అడిగే హక్కు కొడుకులకంటే ముందు, మరో మతంలో పుట్టిన శిష్యుడికి దక్కినట్టు జనం చెప్పుకున్నారు. శిష్యుడు అడగటం, గురువు చెప్పటం అనే రూపంలోనే తత్వాలు ఊరూరా తిరిగాయి. 1984లో ఎన్.టి. రామారావు ఈ కథను సినిమాగా తీసినప్పుడు కూడా జనానికి గుర్తుండిపోయిన జంట గురుశిష్యులదే.

దీనితో పోల్చి చూస్తే రాజాస్థానాల సామరస్యం పరిమితి తెలుస్తుంది. ఇబ్రహీం కుతుబ్‌షా రాజు కాకముందు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్ళున్నాడు. మన కవులు ఆయన్ను మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నెగంటి తెలగన్న తొలి అచ్చతెలుగు కావ్యం ‘యయాతి చరిత్ర’ను ఆయన కొలువులోని అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. ఇదంతా గర్వించదగ్గ చరిత్రే. కాని అదే ఇబ్రహీం 1565లో ఇతర సుల్తానులతో కలిసి తనకు ఆశ్రయమిచ్చిన రామరాయల మీద యుద్ధానికి వెళ్ళాడు. ఆ యుద్ధానికి మతమే కారణమని చెప్పేవాళ్ళు, ఆ ఏడేళ్ళ ఆశ్రయాన్ని మరిచిపోతారు. ఆ కొలువు సామరస్యాన్నే ఆదర్శంగా చెప్పేవాళ్ళు, యుద్ధాన్ని మరిచిపోతారు. పోషణ వేరు, సంవాదం వేరు. పోషణలో ప్రశ్న అడిగే హక్కు కవికి లేదు.

ఈ సంవాదంలో సందేహవాదికి చోటుందా? ఉండాలనే మన సాహిత్యం చెబుతోంది. పదకొండో శతాబ్దంలో నిషాపురంలో పుట్టిన ఉమర్ ఖయ్యాం, చచ్చాక ఏముందో చెప్పగలిగిన వాడు ఎవడని అడిగిన కవి. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు పారశీకం నేర్చుకుని ఆ రుబాయీలను సంస్కృతంలోకీ, అచ్చతెలుగులోకీ తెచ్చి 1932లో ప్రచురించాడు. దువ్వూరి రామిరెడ్డి ‘పానశాల’ మనందరికీ తెలిసిందే. పిఠాపురం సూఫీ పీఠాధిపతి ఉమర్ అలీషా కూడా ఖయ్యాంను తెలుగు చేశాడు. విజయనగరం భాగవతారికీ, నెల్లూరు రైతు కవికీ, పిఠాపురం సూఫీకీ ఒకే సందేహి మిత్రుడయ్యాడు. నమ్మకాలు కలవని చోట సందేహం కలిపింది.

సందేహం ఆచరణ దాకా నడిచిన ఉదాహరణ కూడా మనకుంది. నాస్తికుడు గోరా 1944 నుంచి సేవాగ్రాంలో గాంధీతో జరిపిన సంభాషణలు ‘యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ’ అనే పుస్తకంగా 1951లో వచ్చాయి. దేవుడున్నాడా లేడా అన్న దగ్గర ఇద్దరూ ఒప్పుకోలేదు. అస్పృశ్యత పోవాలన్న దగ్గర ఇద్దరూ కలిశారు. గోరా కుమార్తెకు దళిత యువకుడితో పెళ్ళి ఆశ్రమంలో జరిపించటానికి, ఆ తంతులో దేవుడి పేరుకు బదులు సత్యం అన్న మాట వాడటానికి గాంధీ అంగీకరించాడు. గాంధీ హత్య తర్వాత, 1948లో ఆ పెళ్ళి సేవాగ్రాంలోనే జరిగింది. ఇద్దరిలో ఎవరూ మతం మార్చుకోలేదు, మాట మార్చుకోలేదు. కాని ఒక ఇంటి పెళ్ళిలో కులం గోడ కూలింది. సంవాదం ఫలించిందా లేదా అని కొలవటానికి ఇంతకంటే మంచి కొలత నాకు తెలియదు.

మళ్ళీ మా పేటకు వస్తాను. టోలిచౌకికి ఒక పక్క గుమ్మటాలుంటే, ఇంకో పక్క ఫిల్మ్‌నగర్ దాటాక జూబ్లీహిల్స్ శ్మశానవాటిక ఉంది. దాని పేరు మహాప్రస్థానం. 2021 డిసెంబరులో సిరివెన్నెల సీతారామశాస్త్రికీ, 2022 నవంబరులో నటుడు కృష్ణకూ అక్కడే అంత్యక్రియలు జరిగాయి. ఈ పేరు మహాభారతంలో పాండవుల చివరి నడకది. శ్రీశ్రీ దాన్ని అక్కడి నుంచి తీసుకుని బతికున్న వాళ్ళ ముందడుగుకు పేరు చేశాడు, 1950లో ఆ పుస్తకం వచ్చింది. ఇప్పుడా మాట మళ్ళీ శ్మశానానికి చేరింది. నాకు ఇందులో ఫిర్యాదేమీ లేదు. అందరి చివరి నడకకూ ఆ పేరు తగినదే. కాని శ్రీశ్రీ చేసిన పనిని మనం మరిచిపోకూడదు. చావుకు సంబంధించిన మాటను ఆయన బతుకుకు తెచ్చిపెట్టాడు. చావు ముందు సమానత్వం అన్న మూడు మతాల మాటను బతుకులోకి తీసుకురావటమే అభ్యుదయ రచయిత పని.

కాబట్టి మతాల మధ్య సంవాదం గురించి రాయబోయే యువ రచయితలకు నా మనవి ఇది. ఇద్దరు మంచి పాత్రలను, ఒక నమాజునూ ఒక హారతినీ పక్కపక్కన పెట్టి కథ ముగించకండి. ఆ ఇద్దరి మధ్యా జవాబు దొరకని ఒక ప్రశ్న పెట్టండి. భేదాలను దాచకండి. ప్రశ్న అడిగే పాత్ర అట్టడుగు నుంచి రానివ్వండి, ఎందుకంటే మాట తప్పిన సంగతి ముందు తెలిసేది వాళ్ళకే.

మరుసటి రోజు ఆ అమ్మాయి ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నానమ్మ గోరీ గురించి తెలుగులో రాసుకున్న పదిహేను వాక్యాలు. మట్టి కుప్ప, చుట్టూ రాళ్ళు, పేరు రాసిన పలక లేదు. చివరి వాక్యంలో ఆ పిల్ల తన పక్కన కూర్చునే పాలమూరు పిల్లవాడి తాత గురించి అడిగింది, ఆయన్ను ఎక్కడ పెట్టారు అని. నేను అక్షరదోషాలు దిద్ది, ఆ వాక్యం కింద మాత్రం గీత గీసి, ఆ కాగితాన్ని ఆ అబ్బాయి చేతికిచ్చాను.