ఎవరి మనుమడును కానివాడు

స్టార్ వార్స్ అనగానే లోకమునకు స్ఫురించునవి కాంతిఖడ్గములు, నల్లని శిరస్త్రాణము వెనుకనుండి వినవచ్చు దీర్ఘశ్వాస, జాన్ విలియమ్స్ కూర్చిన తూర్యనాదము. కాని 1977లో జార్జి లూకస్ తీసిన ఆ మొదటి చిత్రమును వీడియో క్యాసెట్ల కాలమునుండి నేటివరకు చూచుచు, దానితోపాటే తల నెరసిన నావంటివానికి ముందుగా జ్ఞప్తికి వచ్చునది ఒక బేరము. ఎడారిగాలిలోని తేమను యంత్రములతో ఒడిసిపట్టి బ్రతుకు ఒక రైతు, ఇసుకలో పాతసామాను ఏరి అమ్ముకొను జావాలనెడి మరుగుజ్జుల వద్ద రెండు రోబోలను కొనుచుండును. మొదట ఎంచుకొన్న ఎఱ్ఱరంగు రోబో నాలుగడుగులు వేయకముందే తలనుండి పొగ చిమ్మి నిలిచిపోవును. పనికిరాని సరకు అంటగట్టజూచుచున్నావా అని రైతు మండిపడును. దానికి మారుగా, ప్రక్కన నిలిచియున్న నీలిరంగు రోబో ఆ ఇంటికి చేరును. సామ్రాజ్యమును కూల్చగల రహస్యము ఆ నీలిరంగు డబ్బా కడుపులో దాగియున్నదని కొన్నవానికిని తెలియదు, అమ్మినవానికిని తెలియదు. ఒక నక్షత్రమండలము యొక్క భవిష్యత్తు పాతసామాను బేరములో ఒక సరకు చెడిపోవుటపై ఆధారపడియుండుటలోనే ఈ కథకు ప్రాణము కలదని నేను ఏనాటినుండియో నమ్ముచున్నాను. ఆండోర్ ధారావాహికను తుదిదాక చూచిన పిదప ఆ నమ్మకము మరింత గట్టిపడినది.

ఈ గుణము యాదృచ్ఛికముగా అబ్బినది కాదు. అకిరా కురొసావా 1958లో తీసిన ‘ది హిడెన్ ఫోర్ట్రెస్’ చిత్రమున ఒక రాజకుమారి పలాయనకథ, ఆశపోతులును, పిరికివారును, ఎల్లవేళల తగవులాడుకొనువారును అగు ఇద్దరు పేదరైతుల కన్నులతో చూపబడినది. తన రెండు రోబోలకు ఆ ఇద్దరే మాతృకలని లూకస్ స్వయముగా చెప్పియున్నాడు. అదిగాక, నాటి అంతరిక్షచిత్రములలో నౌకలు నిన్ననే కర్మాగారమునుండి వెలువడినట్లు తళతళలాడుచుండగా, లూకస్ తన నౌకలకు మసి పూయించి, నూనెమరకలు వేయించి, వీనిని ఏండ్ల తరబడి ఎవరో నడిపినారు, ఎవరో అతుకులు వేసి బాగుచేసికొన్నారు అను భావమును కలిగించినాడు. శబ్దములు సైతము అట్టివే. శత్రువిమానముల అరపును బెన్ బర్ట్ ఏనుగు ఘీంకారముతో, తడిరోడ్డుపై కారు పోవు చప్పుడును కలిపి తయారుచేసినాడు; కాంతిఖడ్గపు ఝంకారమున వినబడునవి సినిమా ప్రొజెక్టరు మోటారు రొదయు, టెలివిజను గొట్టపు సన్నని హోరును.

చిక్కు 1980లో మొదలైనది. అదియు మహావైభవముతోనే మొదలైనది. ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ చిత్రమున ప్రతినాయకుడే నాయకునకు తండ్రి అని బయల్పడు ఘట్టమును మించిన మలుపు ఆ కాలపు వినోదచిత్రములలో నాకు కనబడదు. కాని ఒకమారు ఫలించిన మంత్రమును మఱల మఱల జపించు దుర్బలత కథకులకును కలదు గావున, 1983 నాటికి రాజకుమారి నాయకునకు కవలసోదరి అయినది. 1999 నాటికి, ఆ రైతు బేరమాడి కొన్న రెండవ రోబోను, ఆ బంగారురంగు వాచాలుని, బాల్యమున ఆ ప్రతినాయకుడే తన చేతులతో బిగించినాడని తేలినది. అనంతమైన నక్షత్రమండలము క్రమక్రమముగా ఒక ఉమ్మడికుటుంబపు పెరడంత అయినది. 2012లో డిస్నీ సంస్థ లూకస్‌ఫిల్మ్‌ను సుమారు 400 కోట్ల డాలర్లకు కొన్న పిదప వచ్చిన చిత్రత్రయమున నడిమిది, రియన్ జాన్సన్ తీసిన 2017 నాటి ‘ది లాస్ట్ జెడై’, ఈ పెరటినుండి బయటపడుటకు ధైర్యముగా పెనగులాడినది: నాయికయైన రే తల్లిదండ్రులు పేరు ఊరు లేనివారని చెప్పినది, చివర గుఱ్ఱపుసాలవంటి ఒక సాలలో చీపురు పట్టుకొన్న అనామక బాలునిపై కెమెరాను నిలిపినది. రెండేండ్లకు వచ్చిన ‘ది రైజ్ ఆఫ్ స్కైవాకర్’ ఆ మాటను అట్లే మ్రింగివేసి, చచ్చినాడనుకొన్న చక్రవర్తిని లేపి, రే అతనికి మనుమరాలని ప్రకటించినది. తెరపై తాతపేరు పడగానే ఈలలు వేయు హాళ్లలో పెరిగినవాడను. తెలుగు సినిమా చూచువారికి వంశోత్సాహము కొత్తది కాదు. ఆ ఉత్సాహము హాలీవుడ్డు వారిని కూడ పట్టినందుకు నవ్వుకొంటిని గాని, ఆ చీపురు పట్టిన పిల్లవాని సంగతి ఏమైనదని నాటినుండి నేటివరకు మనసులో అడుగుచునే యున్నాను.

వెండితెరపై దారి మూసికొనుచుండగనే కథ ఓటీటీకి మఱలినది. 2019 నవంబరులో మొదలైన ‘ది మాండలోరియన్’, ముఖము చూపని ఒక కిరాయివేటగానిని, పెద్దచెవుల పచ్చని పసివానిని వెంటబెట్టుకొని, సమురాయి కథల బాటను, కౌబాయి చిత్రముల బాటను ఊరూరు తిరిగినంతకాలము హాయిగా సాగినది. రెండవ సీజను చివర, కంప్యూటరు దిద్దిన యౌవనముతో మొదటి చిత్రపు నాయకుడు ల్యూక్ స్కైవాకర్ వచ్చి పసివానిని తీసికొనిపోవునప్పుడు చాలమంది కంటతడి పెట్టిరి, నేనును పెట్టితిని, కాని పెరటిగోడ మఱల కనబడినది. ఆ పసివాడు తిరిగివచ్చుట ‘ది బుక్ ఆఫ్ బోబా ఫెట్’ అను వేరొక ధారావాహికలో జరుగగా, అది చూడనివారు మూడవ సీజను మొదట తెల్లబోయిరి. 2023 నాటి ‘అసోకా’ సంగతి ఇంకను వింతది. దానిని అనుభవించుటకు పాత కార్టూను ధారావాహికలను పరీక్షకు చదివినట్లు చదువుకొని రావలయును. 2024లో వచ్చిన ‘ది అకొలైట్’ కాంతిఖడ్గధారులైన జెడై యోధుల మహోన్నతకాలమున వారి చేతికంటిన రక్తమును చూపబూనినది. ఉద్దేశము గొప్పది, నడక తడబాటుది, దానిపై కురిసిన విద్వేషము దాని లోపములకు ఎన్నోరెట్లు మించినది. ఎనిమిది భాగములకే దానిని నిలిపివేసిరి. ఆ ఏటి చివర మొదలైన ‘స్కెలిటన్ క్రూ’ను గూర్చి మాత్రము ఎవరును తగినంతగా మాటలాడుకొనలేదు. మట్టిలో పూడియున్న నౌకలోనికి నలుగురు పిల్లలు దూరి, మీట నొక్కి, దారితప్పి, తమ ఊరే లోకము కానరాకుండ దాచబడిన ప్రాచీన టంకశాల అని తెలిసికొను ఆ కథను, చందమామ ధారావాహికలకై నెలనెల కాచుకొన్నవారు తప్పక చూడవలయును.

ఇక ఆండోర్. టోనీ గిల్రాయ్ సృష్టించిన ఈ ధారావాహిక 2022లో 12 భాగములుగాను, 2025 ఏప్రిల్ 22 మొదలు మే 13 వరకు వారమునకు మూడేసి చొప్పున మఱి 12 భాగములుగాను వెలువడినది. 2016 నాటి ‘రోగ్ వన్’ చిత్రమున ప్రాణము విడిచిన కాసియన్ ఆండోర్ అను గూఢచారి, ఆ చావునకు ముందటి అయిదేండ్లు ఎట్లు గడపినాడన్నది ఇతివృత్తము. తొలుత ఏడాదికొక సీజనుగా అయిదు తలపెట్టి, అట్లయినచో తీయుటకే ఎంతో కాలము పట్టునని గ్రహించి, మిగిలిన నాలుగేండ్లను ఏటికి మూడు భాగములుగా రెండవ సీజనులోనే ఇమిడ్చినారు. నాయకుడు చచ్చునని చూచువారందరికిని ముందే తెలియును. ఒక్క కాంతిఖడ్గమైనను వెలుగదు. కాసియన్ తాత ఎవరో మనకు తెలియదు, తెలియవలసిన పనియు లేదు.

మాండలోరియన్ వలె వెలుగుతెరల నడుమ గాక, దీనిని కట్టిన వీధులలోను, నిజమైన కట్టడములలోను తీసినారు. శాసనసభాభవనముగా కనబడునది స్పెయిన్‌లోని వలెన్సియా నగరపు కళావిజ్ఞాన ప్రాంగణము. ఫెరిక్స్ అను కార్మికుల ఊరిని ఇంగ్లండులో ఆరుబయట నిర్మించినారు. ఆ ఊరిలో కాలము తెలుపుటకు గంట లేదు. గోపురముపై ఒకడు నిలిచి సుత్తులతో దాగలిని మోదును. పనివారు తమ చేతితొడుగులను ఒక గోడకు వరుసగా తగిలింతురు. ఎవరి తొడుగు ఎక్కడ ఉండునో ఊరంతటికిని తెలియును. చనిపోయినవారి బూడిదను ఇటుకగా పోసి గోడలో చేర్చుదురు. ఆండోర్‌ను పెంచిన తల్లి మార్వా అంత్యయాత్రలో, ఆమె ముందుగా పలికి ఉంచిన తుదిమాటలను విని జనము తిరుగబడినప్పుడు, ఆమె స్నేహితుడు చేతనున్న ఆ ఇటుకతోనే ఒక సైనికుని మోదును. చచ్చినను ఆ తల్లి పోరు మానలేదని చెప్పుటకు ఒక్క సంభాషణయైనను లేదు, ఇటుక చాలినది. నార్కీనా 5 అను చెరసాల ఇందుకు పూర్తిగా భిన్నము: తెల్లని గోడలు, వట్టికాళ్ల ఖైదీలు, అవసరమైనప్పుడు విద్యుత్తు ప్రవహించు నేల, కావలివాండ్రు పట్టుమని పదిమందియైనను కానరాని నిశ్శబ్దక్రమశిక్షణ. అచట రేయింబవళ్లు ఖైదీలు బిగించిన చక్రములవంటి యంత్రభాగములు దేనికో వారికి తెలియదు; అవి లోకవినాశకమైన డెత్ స్టార్ అంగములని సీజను తుదిని పేర్లన్నియు పడిపోయిన పిదప చూపినారు. తుదిని ఆండోర్‌ను చంపునది ఆ యంత్రమే.

రెండవ సీజనుకు గుండెకాయ గోర్మన్. అది పట్టునకు పేరుపడ్డ గ్రహము. సాలీళ్లవంటి పురుగుల దారముతో అచటి నేతగాండ్రు నేయు వస్త్రములను సామ్రాజ్యపు ధనికులు కోరి ధరింతురు. ఆ నేలలోతున ఉన్న ఖనిజము డెత్ స్టార్ నిర్మాణమునకు కావలసివచ్చినది; త్రవ్వినచో గ్రహము నిలుచునో నిలువదో తెలియదు. మంచుకొండలమీది ఒక భవనమున అధికారులు కొందరు రహస్యముగా కూడి, ఒక జాతిని రూపుమాపుటను కార్యాలయపు పనివలె మర్యాదగా చర్చింతురు. 1942 జనవరిలో బెర్లిను పొలిమేరలోని వాన్‌సేలో నాజీ అధికారులు జరిపిన సమావేశము గిల్రాయ్‌కు మాతృక. ప్రచారశాఖవారు గోర్మన్ ప్రజలు గర్విష్ఠులని లోకముచే నమ్మింపగలమని గొప్పలు పోవుదురు. డెడ్రా మీరో అను అధికారిణి, ప్రచారము ఒకటే చాలదు, సమయమునకు తప్పుపని చేయుదురని నమ్మదగిన తిరుగుబాటుదారులు కూడ కావలయునని నెమ్మదిగా సెలవిచ్చును. స్టార్ వార్స్‌లో ఇంతకు మునుపు ఏ చక్రవర్తి చేతివేళ్లనుండి వెలువడిన మెఱపును నన్ను ఇంత భయపెట్టలేదు.

ఈ ధారావాహిక అంతటిలో నాకు మఱవరాని పాత్ర నాయకుడు కాడు, సిరిల్ కార్న్. అతడు తన యూనిఫారమును తానే దర్జీపని చేయించుకొని మురియువాడు. ఉద్యోగము పోయి తల్లి ఇంట చేరి, మేజావద్ద ఆమె ఎత్తిపొడుపులతో పాటు ఉదయపుటాహారమును మ్రింగువాడు. న్యాయమనగా ఫైలు పూర్తియగుటయే అని హృదయపూర్వకముగా నమ్మినవాడు. ఒక నేరస్థునిగా ఆండోర్‌ను పట్టుకొనుటయే అతనికి ఏండ్ల తరబడి తపస్సు. గోర్మన్‌కు గూఢచారిగా పోయి, అచటి జనమును మోసగించి, ఆ మోసము ఎందులకో తనకే చెప్పలేదని కూడలిలో తుపాకులు ప్రేలునాడు తెలిసికొని, దిక్కుతోచక తిరుగుచుండగా అతనికి ఆ గుంపులో ఆండోర్ కనబడును. మృగమువలె పైబడును, కొట్టుకొందురు, తుపాకి చేతికి చిక్కును. అప్పుడు ఆండోర్ నిజముగా తెలియక, నీవెవరవు అని అడుగును. తన జీవితమునకు కేంద్రముగా నిలుపుకొన్నవాడు తన్నెరుగడు. సిరిల్ చేయి కొంచెము దిగును. ఆ క్షణమే, అతడు మోసగించిన గోర్మన్ పెద్ద ఒకడు అతనిని కాల్చివేయును. కైల్ సోలర్ అను నటుడు ఆ దిగజారు చేతిలో చూపినంత నటనను పలువురు మొగము మొత్తముతోను చూపజాలరు.

గోర్మన్ కూడలిలోని ఆ మారణకాండను శాసనసభలో దాని పేరుతో పిలుచుటకు లేచి నిలుచు సభ్యురాలు మోన్ మోత్మా ప్రసంగమును, అంతకు మునుపు కుమార్తె పెండ్లిలో, చిన్ననాటి మిత్రుని ప్రాణము తన ఉద్యమమునకు బలి కానున్నదని గ్రహించి ఆమె పిచ్చెత్తినట్లు ఆడిన నృత్యమును జెనెవీవ్ ఓరైలీ ఒకే మనిషివిగా నిలిపినది. ప్రసంగముగల భాగమునకే డాన్ గిల్రాయ్ 2025లో రచనకు ఎమ్మీ బహుమానము పొందినాడు, అది న్యాయమే. అయినను, నాచేత వ్రాయించినచో ఆ బహుమానమును, క్లేయా అను యువతి తన్ను పెంచిన తిరుగుబాటు సూత్రధారి లూథెన్‌ను శత్రువుల ఆసుపత్రిలో తానే చంపి, నుదుట ముద్దిడి వెడలు భాగమునకు ఇప్పింతును.

దోషములు లేవనను. మూడేసి భాగములకొక ఏడు గడచిపోవుటచే కొందఱి మార్పు మన చాటున జరిగిపోయినది. ఆండోర్ ప్రియురాలైన బిక్స్ అను పాత్రను మొదటి సీజనులో హింసించినది సామ్రాజ్యము గాని, రెండవదానిలో ఆమెను నిరీక్షణకే పరిమితము చేసినవారు రచయితలే. దివ్యశక్తితో గాయములు మాన్పు ఒక స్త్రీ నడుమ వచ్చి, ఆండోర్ దైవసంకల్పమున ఎన్నిక అయినవాడని సూచించుట అనవసరము. ఎవరును ఎన్నుకొనకున్నను నిలబడినవాడగుటయే అతని ఘనత గదా. అన్నిటిని మించి, చివరి దృశ్యమున బిక్స్ పొలములో ఒక పసికందును ఎత్తుకొని నిలుచుండును. చాలమందికి అది ఆశాకిరణము. నాకు మాత్రము ఆ పసికందు పెద్దవాడై, ఎనిమిది భాగముల ధారావాహికలో తండ్రిపేరు తెలిసికొని నివ్వెరపోవు దృశ్యము కన్నులకు కట్టినది.

2019 తరువాత వెండితెరకు కేటాయించిన మొదటి స్టార్ వార్స్ చిత్రము ‘ది మాండలోరియన్ అండ్ గ్రోగు’. దానికి ముహూర్తము 2026 మే 22. ఆ పచ్చని పసివాడు నాకును ముద్దే, చూడక మానను. నా ఆశ దానికన్న 2027 మే 28న రానున్న ‘స్టార్‌ఫైటర్’ మీద ఉన్నది. మొదటి చిత్రమునకు ఏబదియేండ్లు నిండు ఆ నెలలో, షాన్ లెవీ దర్శకత్వమున, రయన్ గాస్లింగ్ నాయకుడుగా, పాత్రలన్నియు కొత్తవని నిర్మాతలు చెప్పుచున్నారు. మాట నిలుపుకొందురేని మొదటి ఆటకే పోయెదను. ఆ కొత్తవారిలో ఏ ఒక్కడైనను రెండవ సగమున చక్రవర్తికి మేనల్లుడని తేలినచో, నడుమనే లేచి ఇంటికి వచ్చి, సిరిల్ కార్న్ తల్లి మేజావద్ద చివాట్లు తిను భాగమును మఱల పెట్టుకొని చూచెదను.